తెల్లకనుబొమ్మల గురువు ఎందుకు కొట్టాడు?

ఒక మంత్రిగారు కుటుంబ సమేతంగా సినిమాకు వెళ్ళొచ్చారు. అన్నం తింటుండగా, మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన అత్తగారు "కథేంటి నాయనా?" అని అడిగారు. మంత్రిగారు ముద్ద కలిపి చేతిలో పట్టుకుని ఆలోచించారు. ముద్ద ఆరిపోయింది గానీ కథ గుర్తుకు రాలేదు. అత్తగారు నవ్వలేదు. నవ్వకుండా ఉండటం కోసం గ్లాసెత్తి మంచినీళ్ళు తాగారు. ఆ తాగడం ప్రభుత్వానికి గుచ్చుకుంది.

నెల తిరక్కుండా జీవో వచ్చింది. 'సినిమాలు చూసిన ప్రజలు కథ తెలియని స్థితిలో ఇళ్ళకు చేరుతున్నందున రాష్ట్రంలో నెలకొనుచున్న అయోమయమును రూపుమాపు సదుద్దేశముతో' కథా స్పష్టతా సంస్థ ఏర్పాటైంది. ఇక మీదట కథ ధ్రువీకరణ లేనిదే ఏ హాల్లోనూ ఏ బొమ్మా ఆడరాదు.

సంస్థకు భవనం దొరికింది, బోర్డు దొరికింది, జీపు కూడా దొరికింది. మనుషులే దొరకలేదు. అందుకని మిగతా శాఖలన్నీ తాము వదులుకోగలిగిన సిబ్బందిని పంపాలని ఉత్తర్వులు వెళ్ళాయి. తూనికలు కొలతల శాఖ క్షణం ఆలోచించకుండా ఇరుకుల్ల వామన్‌రావును వదులుకుంది.

వామన్‌రావుకు యాభై దాటాయి. పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్నుతో పాటు చిన్న ఇత్తడి తూకపు గుండు ఒకటి పెట్టుకు తిరిగేవాడు. సర్వీసులో ఒక్క తక్కువ తూకానికి కూడా ముద్ర వేయలేదు. సొంత బావమరిది కిరాణా కొట్లో తరాజు లాగుతోందని జరిమానా రాసినప్పుడు భార్య కాంతమ్మ ఆయనకు అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. ఆ మౌనం దసరా దాకా సాగింది. ఇలాంటి మనిషిని పంపించేటప్పుడు శాఖ శాలువా కప్పింది. శాలువా డబ్బులు మాత్రం మార్కెట్ యార్డు వ్యాపారులు సంతోషంగా భరించారు.

కొత్త ఉద్యోగానికి శిక్షణ ఇచ్చారు. శిక్షకుడు నల్లబల్ల మీద మూడు గళ్ళు గీసి, వాటిలో 'ఎవరు', 'ఎవరిని', 'ఎందుకు' అని రాశాడు. "కథ అనగా ఇదే. ఈ మూడూ నిండితే కథ ఉన్నట్టు. ఇక రసం, భావం వగైరాలు మన పరిధిలోనివి కావు," అన్నాడు. వామన్‌రావుకు ప్రాణం లేచొచ్చింది. కిలో అంటే ఏమిటో చెప్పినంత స్పష్టంగా కథంటే ఏమిటో చెప్పినవాళ్ళు ఆయనకు అంతకు మునుపు తగల్లేదు.

పని కూడా సాఫీగానే నడిచింది. కొత్త సినిమాలన్నిటికీ 'మంచివాడు', 'చెడ్డవాణ్ణి', 'చెడ్డవాడైనందుకు' అని రాసి ముద్ర వేసేవాడు. ఒకే జవాబు ఇన్నిసార్లు ఎలా సరిపోతోందని మొదట్లో అనుమానం వచ్చింది. కానీ ప్రతిసారీ కూర్చుని చూశాడు, ప్రతిసారీ సరిపోయింది.

జిల్లాలో పెండింగు లేకుండా చేస్తే ప్రమోషనిచ్చి సొంత శాఖకు పంపిస్తామన్నారు. చూస్తే మిగిలింది ఒక్కటే హాలు. అది మంథెనపల్లి అంగడి బజారులో ఉన్న జ్యోతి టాకీస్. దాంట్లో ఆడేది ఒక్కటే బొమ్మ.

ఆ బొమ్మ పేరు 'పచ్చ నాగు ఎర్ర పిడికిలి'. ఏ దేశంలోనో ఎప్పుడో తీసిన కుంగ్‌ఫూ సినిమా. దానికి మన భాషలో మాటలు పెట్టారు. జ్యోతి టాకీస్‌లో అది వారానికోసారి, అంగడినాడు మధ్యాహ్నం ఆట ఆడుతుంది, మిగతా రోజుల్లో హాలు మూసి ఉంటుంది. యజమానురాలు పుల్లూరి అనసూయ. భర్త పోయాక హాలూ, మిషనూ, ఈ సినిమా పెట్టెలూ ఆమెకు మిగిలాయి. టికెట్లు చింపేది ఆమే, లోపల పంకాలు వేసేది ఆమే, తాగొచ్చి గోల చేసేవాణ్ణి చెవి పట్టుకుని బయటికి తెచ్చేదీ ఆమే.

వామన్‌రావు జీపు దిగి, వచ్చిన పని చెప్పాడు.

"కథనా?" అంది అనసూయ, కుర్చీ తుడిచి వేస్తూ. "మా ఆయన ఈ పెట్టెలు ఏలం పాటల తెచ్చిండు సారూ. కథ ఉన్నదా అని గాయన గూడ అడుగలే. ఫైట్లున్నయా అని అడిగిండు. శానున్నయన్నరు. తెచ్చిండు."

"మరి జనం ఏం చూస్తున్నరమ్మా?"

"కొట్టుకునుడు చూస్తరు. వారమంత వాళ్ల దెబ్బలు వాళ్లు పడ్తరు గద సారూ. అంగడినాడు ఇంకొకలు పడ్తుంటె చూసి పోతరు."

వామన్‌రావు లోపల కూర్చున్నాడు. సినిమా మొదలవుతూనే కొట్లాటతో మొదలైంది. నీలం చొక్కావాడు ఒక పూటకూళ్ళ ఇంట్లో భోంచేస్తున్న వాళ్ళను బల్లతో సహా తిరగేశాడు. ఎందుకని ఆయన పెన్ను తెరిచేలోగా అందరూ ఇంటి కప్పు మీదికి ఎక్కారు. తర్వాత, కనుబొమ్మలు తెల్లగా చెంపల దాకా వేలాడే ముసలి గురువొకడు మఠంలో కుండలు పగలగొట్టాడు. తర్వాత అతని శవపేటిక ఊరేగింది. శ్మశానంలో ఒక కొట్లాట జరిగింది. నీలం చొక్కావాడు ఒక రీలులో "చెల్లీ" అని పిలిచిన అమ్మాయి ఇంకో రీలులో "మా నాన్నను చంపినవాడా" అంటూ అతన్ని బావిలోకి తన్నింది. పైగా మాటలు చెప్పినవాడు ఒక్కడే కావడంతో, ఇద్దరు పోట్లాడుకుంటుంటే ఒక్కడే తనని తాను తిట్టుకుంటున్నట్టు ఉంది. చివర్లో, పూడ్చిపెట్టిన తెల్లకనుబొమ్మల గురువు వంతెన మీదికి ఎగిరొచ్చి, అప్పటిదాకా కనబడిన వాళ్ళందరినీ వరసబెట్టి చితకబాదాడు. శుభం పడింది.

వామన్‌రావు మూడు గళ్ళలోనూ ఏమీ రాయలేకపోయాడు. గుమ్మం దగ్గర నిలబడి బయటికొస్తున్న వాళ్ళను అడిగాడు. బీడీలు చుట్టే లస్మవ్వ కొంగులో పుట్నాలు మూట కట్టుకుంటూ, "జాగ లొల్లి సారూ. ముసలోడు సావంగనే మఠం జాగ మీద పడ్డరు. మా మరుదులు పడలేదా?" అంది.

సంచులు మోసే హమాలీ ఒకడు, "కాదు సారూ, కూలి ఎగ్గొట్టిండ్రు. లేకుంటె ఊకె ఎవడన్న గంతగనం కొడ్తడా?" అన్నాడు.

గొర్రెల కాపరి ఓదెలు ఇద్దరినీ పక్కకు నెట్టాడు. "వీళ్లకేం తెల్వది సారూ. గొర్రె పోయింది. ఎవడు కొట్టుకపోయిండో దొర్కుతలేడని అందర్ని కొడ్తున్నడు."

"సినిమాలో గొర్రె ఎక్కడుందయ్యా?"

"గదే గద సారూ నేను చెప్పేది. పోయింది."

వామన్‌రావు ఆఫీసుకొచ్చి నిజాయితీగా నివేదిక రాశాడు. ఎవరు: అందరూ. ఎవరిని: అందినవారిని. ఎందుకు: కనబడలేదు.

జిల్లా కథా స్పష్టతాధికారి డాక్టర్ వేముగంటి ప్రద్యుమ్న ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో, తోక పట్టుకుని ఎలుకను ఎత్తినట్టు ఎత్తాడు. ఆయన పురాణాల్లోని ఉపకథల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నవాడు. అసలు కథల జోలికి ఎన్నడూ వెళ్ళలేదు.

"వామన్‌రావు గారూ, 'కనబడలేదు' అనే జవాబుకు మన నిబంధనావళిలో అవకాశమున్నదా?"

"లేదు సార్."

"కథ లేకపోవుట అనే స్థితిని ప్రభుత్వం గుర్తించలేదు. ప్రభుత్వం గుర్తించని స్థితి ఉండజాలదు. కావున కథ ఉన్నది. ఉన్నదానిని మీరు చూడజాలకపోవుట విధి నిర్వహణలో అలసత్వం క్రిందికి వచ్చును. వచ్చునా, రాదా?"

"వస్తుంది సార్," అన్నాడు వామన్‌రావు.

"సంతోషం. మీ మీద చర్య తీసుకునే బదులు ఒక కమిటీని వేస్తున్నాను."

కమిటీ అంటే తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరమ్మ. మఠం భూమి ఉంది గనక తహసీల్దారు, దెబ్బలున్నాయి గనక ఎస్సై, శవం ఉంది గనక డాక్టరమ్మ. వామన్‌రావు కన్వీనరు. అంటే కుర్చీలు వేయించేవాడు.

మొదటి సమావేశంలోనే చిక్కొచ్చింది. తెల్లకనుబొమ్మల గురువు చచ్చాడా లేదా?

"పాడె లేచింది, పూడ్చారు. రెవెన్యూ పరంగా మరణం చెల్లుబాటవుతుంది," అన్నాడు తహసీల్దారు. "మఠం భూమికి నీలం చొక్కా వ్యక్తి పేర వారసత్వ ధ్రువపత్రం కూడా సిద్ధం చేశాను. వంతెన మీద ఎగిరిన వ్యక్తి వేరే మనిషి."

"నాడి చూడకుండా నేను మరణం రాయలేను," అంది డాక్టరమ్మ. "పైగా ఆ పేటికలో ఆయన పొట్ట కదులుతోంది. నేను స్పష్టంగా చూశాను."

"మేడం, పొట్ట కదిలితే నా హత్య కేసు ఏం గావాలె?" అన్నాడు ఎస్సై. ఆయన అప్పటికే పచ్చ నాగు ముఠా మీద కేసు కట్టాడు. శాంతిభద్రతల దృష్ట్యా ఎర్ర పిడికిలి ముఠా మీద కూడా కట్టాడు. నీలం చొక్కావాడు ఏ ముఠానో తేలక రెండిట్లోనూ చేర్చాడు.

ఎవరి శాఖ వాళ్ళకు ముద్దు. వాదన తెగలేదు. చివరకు, సంబంధిత పక్షాల వాంగ్మూలం లేకుండా నిర్ణయించడం సహజ న్యాయానికి విరుద్ధమని ప్రద్యుమ్న తేల్చాడు. నోటీసు తయారైంది. 'శ్రీ తెల్లకనుబొమ్మల గురువు గారికి, మకాం: తెర, జ్యోతి టాకీస్. మీరు పలువురిని ఏ కారణమున కొట్టితిరో, సదరు కారణమును ఈ నోటీసు అందిన వారంలోగా స్వయముగా హాజరై తెలియజేయవలెను.'

నోటీసు కక్షిదారు సమక్షంలో అంటించాలన్నది నియమం. అందువల్ల అంగడినాడు ఆట నడుస్తుండగా, గురువు వంతెన మీదికి ఎగిరొచ్చిన క్షణంలో, అటెండరు నిచ్చెన ఎక్కి జిగురు పూసిన కాగితాన్ని తెర మీద అంటించాడు. గురువు కాలు తిప్పాడు. కాలు నేరుగా కాగితం మీదుగా, అటెండరు మొహం మీదుగా వెళ్ళింది. అటెండరు భయపడి నిచ్చెన మీద వంగాడు. గురువు మళ్ళీ తిప్పాడు. జనం బెంచీలెక్కి ఈలలు వేశారు. అంత మంచి ఆట జ్యోతి టాకీస్‌లో ఎప్పుడూ పడలేదు.

ఎస్సై అక్కడికక్కడే పంచనామా రాశాడు: 'నోటీసు తీసుకొనుటకు నిరాకరించి, కాలితో పలుమార్లు తన్ని, విధుల్లో ఉన్న ఉద్యోగిని బెదిరించినాడు.'

కక్షిదారు సహకరించడం లేదని రుజువైంది గనక హాలుకు సీలు వేశారు. లక్క కరిగించి తాళం మీద పోసి ముద్ర కొట్టింది వామన్‌రావే. సర్వీసులో ఆయన కొట్టిన ముద్ర ఎప్పుడూ వంకర పోలేదు. ఆ రోజు ముద్ర కొంచెం వంకరగా పడింది.

అనసూయ ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడు ఆఫీసుకొచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"సారూ, నాకు ఇంకో పని రాదు. ఇంకో బొమ్మ కొనే శక్తి లేదు. గా గడిల ఏదో ఒకటి రాయరాదుండ్రి. జాగ లొల్లి అని రాయుండ్రి, కూలి అని రాయుండ్రి. ఎవరొచ్చి చూస్తరు?"

"నేను చూసిన గదమ్మా," అన్నాడు వామన్‌రావు. "లేనిది ఉన్నదని ఎట్ల రాస్త?"

"మీరు చెడ్డోళ్లు కాదు సారూ. గదే నా ఖర్మ. చెడ్డోళ్లయితె ఎట్లనో ఒకట్ల పని అయిపోతుండె."

ఈ మాట ఆయనకు అన్నం సయించనివ్వలేదు. ఆ వారం అంగడికి కాంతమ్మ కూరగాయలకు పంపితే, కాళ్ళు టాకీస్ వైపు లాక్కెళ్ళాయి. సీలు వేసిన తలుపు ముందు అనసూయ బాణలి పెట్టి మిరపకాయ బజ్జీలు వేస్తోంది. ఎప్పుడూ వచ్చే జనమంతా వచ్చి, అలవాటు కొద్దీ మెట్ల మీద వరసలుగా, మూసిన తలుపుకు ఎదురుగా కూర్చున్నారు. హమాలీలు సంచుల మీద, బీడీల ఆడవాళ్ళు నేల మీద. లోపల ఆట నడుస్తున్నట్టే ఓదెలు "ఇగో, ఇప్పుడు బావిల పడ్తడు," అంటున్నాడు. "పడ్డడు," అని పక్కవాడు అంటున్నాడు. కాసేపు అందరూ ఊరికే ఆ తాళం వైపు చూశారు. వామన్‌రావు వంకాయలు కొనకుండా ఇంటికి వెళ్ళి, నేరుగా కమిషనర్‌కే ఒక విన్నపం రాశాడు. కథ తేల్చడం తమ వల్ల కావడం లేదని, దయచేసి పెద్దలే వచ్చి తేల్చాలని.

కమిషనర్ వచ్చాడు. బహిరంగ విచారణ అన్నారు. సీలు తీసి, హాలు కడిగి, ముందు వరసలో సోఫా వేశారు. బహిరంగమని అన్నందుకు అంగడి మొత్తం తలుపుల దగ్గరికి చేరింది. చెమటలు పడుతున్నాయని అనసూయ తలుపులు బార్లా తెరిచేసింది. జనం లోపలికొచ్చి వెనక గోడ వెంట నిలబడ్డారు. వాళ్ళలో పత్రిక విలేకరి కూడా ఒకడున్నాడని తర్వాత తెలిసింది.

సినిమా నడుస్తుండగానే వాదనలు వినిపించాలని కమిషనర్ ఆదేశం. శవపేటిక వచ్చే దాకా అంతా మర్యాదగానే జరిగింది.

"చూడండి సార్, పొట్ట!" అంది డాక్టరమ్మ లేచి.

"అది గాలికి కదిలిన బట్ట," అన్నాడు తహసీల్దారు, ఆమెకు అడ్డంగా నిలబడి. "బతికున్న మనిషికి నేను వారసుణ్ణి ఎట్లా ఇస్తాను? నా ఉద్యోగం ఏం గాను?"

"మీ కాగితం కోసం నా హత్య కేసును ఇంకొకరి నెత్తిన రుద్దుతారా?" అన్నాడు ఎస్సై. ఆయన ఏ పక్షాన మాట్లాడాడో ఎవరికీ అర్థం కాలేదు. బహుశా ఆయనకు కూడా.

ప్రద్యుమ్న శాలువా సర్దుకుని లేచాడు. "అయ్యా, మరణమూ లేదు, జననమూ లేదు. గురువనగా ఆత్మ. ఎర్ర పిడికిలి అనగా కామము. బావి అనగా సంసారము..."

"కూర్చోవయ్యా," అన్నారెవరో చీకట్లో.

"ఎవరది, నన్ను కూర్చోవయ్యా అన్నది?" అని ప్రద్యుమ్న వెనక్కి తిరిగాడు. తిరగడంలో శాలువా కొస తహసీల్దారు కంట్లో పడింది. తహసీల్దారు చెయ్యి విసిరాడు. అది ఎస్సై టోపీకి తగిలింది. ఎస్సై ఎవరినో కాలరు పట్టుకున్నాడు. ఆ కాలరు వామన్‌రావు ఆఫీసు జీపు డ్రైవరుది; నీడ పట్టున ఉంటుందని లోపలికొచ్చి కూర్చున్న పాపానికి దొరికిపోయాడు. డాక్టరమ్మ విడదీయబోయి బ్యాగుతో తహసీల్దారు నడుం మీద ఒకటి ఇచ్చింది. కమిషనర్ "ఆర్డర్, ఆర్డర్" అంటూ సోఫా మీదికెక్కాడు. ఎవరి మోచెయ్యో తగిలింది. ఆయన కిందికి దూకి, అందిన మొదటి చెంప మీద ఫెడీమని కొట్టాడు. ఆ చెంప ప్రద్యుమ్నది.

పైన తెర మీద శ్మశానంలో కొట్లాట, కింద తెర ముందు ఇది. జనానికి ఎటు చూడాలో తోచలేదు. కాసేపటికి అందరూ కిందే చూశారు.

"మన సార్లు గూడ మంచిగనే ఎగురుతున్నరు," అంది లస్మవ్వ పుట్నాలు నములుతూ.

"గా లావు సారు జర నెమ్మది. తొడలు లేస్తలెవ్వు," అన్నాడు ఓదెలు.

వామన్‌రావు ఒక్కడే తన బెంచీ మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. అందువల్లనే లైట్లు వేశాక, చిరిగిన జేబును చేత్తో మూసుకుంటూ కమిషనర్ ఆయన్నే పిలిచాడు.

"విలేకరి ఉన్నాడటగా. రేపు పేపర్లో వస్తుంది. పై నుంచి అడుగుతారు. ఎవరు, ఎవరిని, ఎందుకు కొట్టారో సాయంత్రంలోగా విచారించి నివేదిక ఇవ్వండి."

వామన్‌రావు ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. తహసీల్దారు డాక్టరమ్మ మీద కోపంతోనే లేచానని, అయితే ఆమెను తాకనైనా లేదని చెప్పాడు. ఎస్సై తాను కాలరు పట్టుకున్న వ్యక్తి ఎవరో తెలిస్తే క్షమాపణ చెబుతానన్నాడు. డాక్టరమ్మ అందరికీ కట్లు కడుతూ, ఎవరి దెబ్బ ఎవరిదో వైద్యశాస్త్రం చెప్పలేదంది. ప్రద్యుమ్న చెంపకు మంచు పెట్టుకుని, "ఆత్మకు దెబ్బ తగలదు. కానీ ఇది తగిలింది," అన్నాడు. జీపు డ్రైవరుకైతే తాను అందులో ఎందుకున్నాడో కూడా తెలియదు.

వామన్‌రావు సాయంత్రానికి నివేదిక తెచ్చాడు. ఎవరు: అందరూ. ఎవరిని: అందినవారిని. ఎందుకు: కనబడలేదు.

ప్రద్యుమ్నకు ఆ వాక్యాలు ఎక్కడో చదివినట్టు అనిపించింది. చెంప నొప్పిగా ఉండి ఏమీ అనలేకపోయాడు. కమిషనర్ మాత్రం కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఎందుకో తేలితే తప్పెవరిదో తేలుతుంది. తప్పెవరిదో తేలితే సస్పెండయ్యే వాళ్ళ వరసలో తాను కూడా ఉన్నాడు.

"వామన్‌రావు గారూ, మీరు చాలా లోతైన అధికారి," అన్నాడాయన. "కారణము లేని ఘర్షణ అనునది ఒకటి లోకంలో ఉంటుంది. ప్రభుత్వం ఇన్నాళ్ళూ దాన్ని గమనించలేదు. పొరపాటు."

వారం లోపల సవరణ వచ్చింది. 'కారణము నిర్ధారణ కాని ఘర్షణలను సహజ స్థితిగా గుర్తించడమైనది. అట్టి వాటిని చూచినవారికి గాని, చేసినవారికి గాని కథ అవసరం లేదు.' దాని కింద మంథెనపల్లి అధికారుల ఫైలు మూతపడింది. జీవో ఒకరి కోసం పుట్టినా అందరికీ వర్తిస్తుంది. వామన్‌రావు తానే బజారుకు నడిచి వెళ్ళి, అనసూయ చేత దరఖాస్తు పెట్టించాడు. ధ్రువపత్రం వచ్చింది: 'పచ్చ నాగు ఎర్ర పిడికిలి అను చిత్రమునందు కథ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఎప్పుడైనను కథ ఉన్నట్లు వెల్లడైన యెడల లైసెన్సు రద్దగును.'

అనసూయ దాన్ని అద్దం కట్టించి టికెట్ల కిటికీ పైన వేలాడదీసింది. పెండింగు లేదు గనక వామన్‌రావుకు ప్రమోషనొచ్చింది. సామాన్లు సర్దుతున్న కాంతమ్మ, పోయే ముందు ఒక పూట ఊరికే కూర్చోరాదా అంటే, ఆయన చొక్కా వేసుకుని అంగడికి బయల్దేరాడు.

టికెట్టు కొనుక్కున్నాడు. అనసూయ వద్దంటున్నా వినలేదు. లస్మవ్వ పక్కన బెంచీ మీద ఖాళీ దొరికింది. రాయాల్సిన గళ్ళు లేవు, పక్కన కమిటీ లేదు. పెన్ను మూసే ఉంది. మొదటిసారిగా ఆయన సినిమా చూశాడు.

శవపేటిక ఊరేగుతోంది. ఇన్నిసార్లు చూసినా ఆయన ఎప్పుడూ పేటిక వంకే చూశాడు. ఆ రోజు చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూశాడు. శిష్యుల్లో ఒక్కడూ ఏడవడం లేదు. నీలం చొక్కావాడు మఠం తాళాల గుత్తి వైపు చూస్తున్నాడు. చెల్లెలో ఎవరో ఆ పిల్ల నీలం చొక్కావాడి వైపు చూస్తోంది. పచ్చ నాగు వాళ్ళూ ఎర్ర పిడికిలి వాళ్ళూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారు. అందరికీ వెనక, మఠంలో వంట చేసే గూని ముసలామె ఒక్కతే గరిటె చేత్తో పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పేటికలో ముసలాయన పొట్ట కదిలింది. డాక్టరమ్మ చెప్పింది నిజమే.

వామన్‌రావు బెంచీ అంచుకు జరిగాడు. గురువు చావలేదు. చస్తే ఎవరు ఏడుస్తారో చూడటానికి పడుకున్నాడు. వంటామె తప్ప ఎవరూ ఏడవలేదు. పైగా పూడ్చిన మట్టి ఆరకముందే మఠం కోసం కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ శ్మశానంలో కొట్లాటలు, బావి దగ్గర కొట్లాటలు అన్నీ అవే. ఇప్పుడు చివరి రీలులో వంతెన మీదికి ఎగిరొచ్చి, ఏడవని ప్రతివాణ్ణీ కొడుతున్నాడు. వంటామె దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. చెయ్యెత్తి, ఆమె తలమీది ముసుగు సరిచేసి, ముందుకు ఎగిరాడు. రీలు అక్కడ తెగి అతికి ఉండటంతో అది రెప్పపాటులో దాటిపోయింది.

ఎవరు, ఎవరిని, ఎందుకు. మూడూ నిండాయి. బొటాబొటిగా కూడా కాదు, అంచుల దాకా. వామన్‌రావుకు లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పాలనిపించింది. నిజానికి సగం లేచాడు కూడా.

తలుపు దగ్గర అనసూయ చింపిన టికెట్ల ముక్కలు గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది. తెరను చూడటం లేదు. నిండిన బెంచీలను చూస్తోంది.

"ఏంది సారూ, లేస్తిరి?" అంది లస్మవ్వ. "ముసలోడు ఎందుకు కొడ్తున్నడో మీకేమన్న సమజైందా?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇరుకుల్ల వామన్‌రావు తక్కువ తూచింది లేదు, ఎక్కువ తూచింది లేదు. ఆయన మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"నాకేం తెల్వదవ్వా," అన్నాడు.

లస్మవ్వ ఆయన్ని జాలిగా చూసింది. కొంగు విప్పి, పిడికెడు పుట్నాలు ఆయన చేతిలో పోసింది.

"అయ్యో, గంత సదువుకున్నరు. ఇనుండ్రి, నేను చెప్త," అని ఆమె మరుదుల సంగతి మొదటినుంచి ఎత్తుకుంది. వామన్‌రావు పుట్నాలు నములుతూ, శుభం పడే దాకా, బుద్ధిగా ఊఁ కొట్టాడు.